ఒంటిపూట బడి: తప్పు ఎండదా, కప్పుదా?

మార్చి నెల సగానికి రాగానే తెలంగాణలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఉదయం ఎనిమిదికి గంట కొడతారు. పన్నెండున్నరకు పిల్లలకు అన్నం పెట్టి ఇంటికి పంపిస్తారు. ఏప్రిల్ చివరి వారంలో వేసవి సెలవులు ఇచ్చేదాకా ఇదే వరస. వానలు పడ్డట్టు, చలి వచ్చినట్టు ఇది కూడా ఏటా వచ్చే కాలధర్మమే అని మనం సర్దుకుపోయాం. ఆ ఉత్తర్వు వచ్చిన రోజు పిల్లలు సంబరపడతారు, పెద్దలు కూడా హమ్మయ్య అనుకుంటారు.

ఒక్కసారి లెక్క వేసి చూద్దాం. రోజుకు రెండు గంటల చదువు తగ్గిందనుకున్నా, ముప్పై పనిదినాలకు అరవై గంటలు. అంటే దాదాపు పది పూర్తి రోజుల బడి. ఒకటో తరగతిలో చేరి పదో తరగతి దాటేసరికి ఒక పిల్లవాడు ఎండ పేరు మీద పోగొట్టుకునేది వంద రోజులు. ఆ మిగిలిన పూటలోనైనా పదకొండు దాటాక రేకుల కింద కూర్చున్న పిల్లవాడి బుర్రకు ఎంత ఎక్కుతుందో వేసవిలో పల్లె బడికి వెళ్లిన ఎవరికైనా తెలుసు.

ఎండను మనం ఆపలేం. ఒంటిపూట బడి వద్దని కూడా మేము అనడం లేదు. ఇప్పుడున్న గదుల్లో మధ్యాహ్నం పిల్లల్ని కూర్చోబెట్టడం కంటే ఇంటికి పంపడమే నయం. అయితే ఆ గదులు అలా ఎందుకున్నాయి, ఇకముందు కట్టే గదులు కూడా అలాగే ఉండాలా అన్నది ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న. ఎందుకంటే గత కొన్నేళ్లుగా బడుల కట్టడాల మీద ప్రభుత్వం పెడుతున్న డబ్బు చిన్నది కాదు. ఇవాళ పోసే శ్లాబు యాభై ఏళ్లు ఉంటుంది. అంటే ఇప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లల మనవలు కూడా దాని కిందే కూర్చోవచ్చు.

డబ్బు ఎటు పోతోంది?

2022లో గత ప్రభుత్వం 'మన ఊరు - మన బడి' మొదలుపెట్టింది. మరుగుదొడ్లు, నీళ్లు, కరెంటు పనులు, రంగులు, ప్రహరీ గోడలు, వంట షెడ్లు, కొత్త గదులు అందులో ఉన్నాయి. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో మొదలైన 'నాడు-నేడు' మొదటి విడతలోనే 15,715 బడులను బాగుచేసే పని పెట్టుకుంది. తెలంగాణలో ప్రభుత్వం మారాక, 2024లో బడుల మరమ్మతులను మహిళా సంఘాల ఆధ్వర్యంలోని అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు అప్పగించారు. అదే ఏడాది సెప్టెంబరులో ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచిత విద్యుత్తు ప్రకటించారు. అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా కొందుర్గులో యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ గురుకులాలకు శంకుస్థాపన జరిగింది. ఒక్కొక్కటి 20 నుంచి 25 ఎకరాల్లో, తొలి విడతలో 28 చోట్ల కడతామన్నారు. పేద పిల్లలకు, అందులోనూ దళిత, గిరిజన, వెనుకబడిన వర్గాల పిల్లలకు, ఇంత పెద్ద ప్రాంగణాలు కట్టాలన్న ఆలోచన మెచ్చుకోదగ్గదే.

ఈ పథకాలన్నిటి గురించి వచ్చే వార్తల్లో గదులెన్ని, ఎకరాలెన్ని, కోట్లెన్ని అనే లెక్క ఉంటుంది. ఏప్రిల్ నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు ఆ గది లోపల ఎంత వేడి ఉంటుందన్న లెక్క ఎక్కడా కనబడదు. మా దృష్టిలో బడి కట్టడం మంచిదో చెడ్డదో తేల్చే మొదటి కొలత అదే.

ఖైరతాబాద్‌కు తెలిసింది పల్లెకు ఎందుకు చేరలేదు?

ఈ విషయంలో జ్ఞానం లేక మనం వెనకబడ్డామని ఎవరూ అనలేరు. మన నగరంలోనే, ఖైరతాబాద్ చుట్టుపక్కల రెండు మూడు కిలోమీటర్లలో, ఈ సమస్యకు కావలసిన బుర్రలన్నీ ఉన్నాయి. రాష్ట్రానికంతటికీ కరెంటు సంగతులు చూసే విద్యుత్ సౌధ ఇక్కడే ఉంది. ఇంజనీర్ల సంస్థ కార్యాలయమైన విశ్వేశ్వరయ్య భవన్ ఇక్కడే. రాజ్‌భవన్ రోడ్డులో బెల్లావిస్టా ప్రాంగణంలో అధికారులకు శిక్షణ ఇచ్చే అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉంది. కాస్త అటువైపు పంజాగుట్ట మెట్రో స్టేషన్‌కు పర్యావరణహిత కట్టడంగా ప్లాటినం గుర్తింపు ఉంది. మెట్రో సంస్థ తన స్టేషన్ల మీద, డిపోలలో సోలార్ ప్యానళ్లు పెట్టుకుంది. నగరంలోని సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ అయితే 2003లోనే, అమెరికా వెలుపల అత్యున్నత హరిత గుర్తింపు పొందిన తొలి భవనంగా పేరు తెచ్చుకుంది.

ఇరవై ఏళ్లు దాటింది. హరిత భవనాల జ్ఞానం సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడలకు చేరింది, మెట్రో స్టేషన్లకు చేరింది. నగరం దాటి ఎనభై కిలోమీటర్లు పోతే ఉన్న మండల పరిషత్ బడికి మాత్రం చేరలేదు. ఆ బడిలో చదివిన పిల్లలే తర్వాత అమీర్‌పేటకు వస్తారు. హాస్టల్ గదిలో నలుగురైదుగురు సర్దుకుని, కోచింగ్ సెంటర్లలో భుజం భుజం రాసుకుంటూ కూర్చుని, పల్లెలో అందని చదువును ఫీజు కట్టి కొనుక్కుంటారు. నగరం పల్లె పిల్లల్ని తనవైపు లాక్కోవడం నేర్చింది. తన దగ్గరున్న జ్ఞానాన్ని పల్లెకు పంపడం ఇంకా నేర్చుకోవాలి.

దారి అసలే లేదనలేం. బెల్లావిస్టాలోని స్టాఫ్ కాలేజీ, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, అమెరికాకు చెందిన పర్యావరణ సంస్థ ఎన్‌ఆర్‌డీసీ కలిసి జీహెచ్‌ఎంసీతో 2017లో ఒక చిన్న ప్రయోగం చేశాయి. నగరంలోని పేదల ఇళ్లలో 25 ఎంచుకుని, వాటి పైకప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లని పొర పరిచాయి. లోపలి వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. ఆ అనుభవం మీదే 2023 ఏప్రిల్‌లో తెలంగాణ 'కూల్ రూఫ్' విధానం తెచ్చింది. అయిదేళ్లలో రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను చల్లబరచాలన్నది లక్ష్యం. ప్రభుత్వ భవనాలకు ఇది తప్పనిసరి అని ఆ విధానమే చెబుతోంది. ప్రభుత్వ బడి కూడా ప్రభుత్వ భవనమే కదా. మీ ఊరి బడి డాబా మీద ఆ తెల్లపూత ఉందో లేదో వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్లి చూడండి. లేకపోతే గ్రామసభలో అడగండి. ఇది దయతో ఇచ్చే కానుక కాదు, రాష్ట్రం రాసుకున్న నియమం.

వేడి ఎలా వస్తుంది, ఎలా పోతుంది?

మన పల్లె బడులు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. సిమెంటు ఇటుక గోడ, నాలుగు అయిదు అంగుళాల కాంక్రీటు శ్లాబు, చిన్న కిటికీలు. శ్లాబు ఎండలో పొద్దుటి నుంచి కాగుతుంది. ఆ వేడి నెమ్మదిగా కిందికి దిగుతుంది. మధ్యాహ్నం దాటాక గది లోపలికి అది పొయ్యి మీది పెనంలా సెగ కొడుతుంది. ఫ్యాను వేస్తే ఆ వేడి గాలినే కిందికి తోస్తుంది. రేకుల షెడ్డు అయితే ఇంతసేపు కూడా ఆగదు. ఎండ పడ్డ అరగంటకే కాగిపోతుంది. అందులోనూ సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాని పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో హెచ్చరిస్తోంది. మన దేశంలో దాని తవ్వకం ఆగింది గానీ వాడకం ఆగలేదు. పగిలిన పాత రేకులను బడుల్లో అలాగే ఉంచడం, వాటికి మేకులు కొట్టడం, విరిగిన ముక్కలతో పిల్లల్ని ఆడుకోనివ్వడం మానాలి.

మన తాతలు కట్టిన ఇళ్లకు ఈ బాధ ఇంతగా లేదు. తెలంగాణలో, రాయలసీమలో మట్టి మిద్దెలుండేవి. దూలాల మీద కర్రలు పరిచి, పైన మందంగా మట్టి వేసేవారు. గోడలు మూరెడు మందం. ముందు వసారా. గోడకు ఎండ తగలకుండా వేపచెట్టు. కోస్తాలో పెంకుటిళ్లు. పెంకుల సందుల్లోంచి వేడి గాలి పైకి పోయేది. ఎక్కడి మట్టి, ఎక్కడి రాయి దొరికితే దానితోనే కట్టారు. తాండూరులో నాపరాయి, బేతంచర్లలో పాలిష్ బండ. ఖైరతాబాద్ మసీదును చూడండి. కుతుబ్‌షాహీల కాలంలో రాయి, సున్నంతో కట్టింది నేటికీ నిలిచే ఉంది.

మన సంఘాల చరిత్రలోనూ ఇందుకు గుర్తులున్నాయి. మెదక్ మహాదేవాలయం పని 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాటికి పూర్తయింది. కరువు రోజుల్లో పస్తులున్న జనానికి చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు ఆ పని చూపించి అన్నం పెట్టారని మన పెద్దలు చెప్పుకుంటారు. ఒక కట్టడానికి పెట్టే డబ్బు ఆ ఊరి చేతుల్లోకే పోవాలన్న ఆలోచన అందులో ఉంది. డోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథడ్రల్‌ను అజరయ్య బిషప్‌గారు ఇంగ్లండు గుడికి నకలుగా కట్టించలేదు. ఈ నేలలోని గుడి, మసీదు కట్టడాల పోలికలు అందులో కలిపించారు. ఇక పల్లెల్లో మిషన్ వారి మొదటి బడులు ఎలా ఉండేవో మనకు తెలుసు. ఒకే పాక, వారమంతా బడి, ఆదివారం గుడి. ఉపదేశి గారే పంతులు.

కొత్త దారులు కొన్ని

పాత పద్ధతులకు మళ్లడం ఒక్కటే మార్గం కాదు. ఈ కాలపు ఇంజనీర్లు వాటినుంచి నేర్చుకుని చక్కని మార్గాలు చూపించారు.

1945లో కుష్ఠురోగుల సేవాసంస్థ పనిమీద ఇంగ్లండు నుంచి మన దేశానికి వచ్చిన లారీ బేకర్ పేరు కొందరు పాఠకులు విని ఉంటారు. ఆయన క్వేకరు విశ్వాసి. కేరళలో స్థిరపడి, 2007లో కన్నుమూసేదాకా తక్కువ ఖర్చుతో ఇళ్లు, బడులు, చాపెళ్లు కడుతూనే ఉన్నారు. ఇటుకలను పడుకోబెట్టకుండా అంచుమీద నిలబెట్టి, గోడ మధ్యలో ఖాళీ వదిలే పద్ధతిని ఆయన ప్రచారం చేశారు. దానివల్ల నాలుగో వంతు ఇటుకలు మిగులుతాయి, మధ్యలోని గాలి వేడిని అడ్డుకుంటుంది. అలాగే శ్లాబులో కింది భాగపు కాంక్రీటు బరువు మోయడానికి పెద్దగా పనికిరాదు గనుక, ఊచల మధ్య ఖాళీల్లో మంగళూరు పెంకులు పెట్టి పోయించారు. కాంక్రీటు తగ్గింది, గది చల్లబడింది. ఇవి మన తాపీ మేస్త్రీలు వారం రోజుల్లో నేర్చుకోగల పనులు.

ఇంకొకటి ఆఫ్రికా నుంచి. బుర్కినాఫాసో దేశంలో గాండో అనే పల్లెలో 2001లో ఒక ప్రాథమిక పాఠశాల కట్టారు. అక్కడి ఎండ మన రామగుండం ఎండకు తీసిపోదు. ఆ ఊరి పిల్లవాడే అయిన ఫ్రాన్సిస్ కెరె జర్మనీలో ఆర్కిటెక్చర్ చదువుతూ ఈ బడికి నమూనా గీశాడు. మట్టి అనేసరికి ఊరివాళ్లు వానకు కరిగిపోతుందని సందేహించారు. మట్టిలో కొంచెం సిమెంటు కలిపి ఇటుకలు చేయించాడు. గదికి మట్టి ఇటుకల కప్పు వేసి, దానికి చాలా ఎత్తున గొడుగులా రేకు పెట్టాడు. ఎండ రేకు మీద పడుతుంది, మధ్యలోంచి గాలి ఆ వేడిని తీసుకుపోతుంది. ఊరంతా కలిసి కట్టుకున్నారు. 2022లో ఆర్కిటెక్చర్‌లో అతి పెద్దదైన ప్రిట్జ్‌కర్ బహుమతి ఆయనకు వచ్చింది.

గాండో దాకా పోనక్కరలేదు. రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో రూరల్ టెక్నాలజీ పార్కు ఉంది. మట్టిని యంత్రంతో కుదించి చేసిన ఇటుకలు, తక్కువ సిమెంటుతో కట్టిన నమూనా ఇళ్లు అక్కడ కళ్లారా చూడవచ్చు, చేయడం నేర్చుకోవచ్చు. శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో బీడుభూమిలో మొదలైన టింబక్టు కలెక్టివ్ వారు సౌరవిద్యుత్తు వాడుకుంటూ పల్లె పిల్లలకు బడి నడుపుతున్నారు. అంటే కట్టే చేతులు, నేర్పే సంస్థలు మన మధ్యే ఉన్నాయి.

'మట్టిగోడ మాకేనా?'

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. మట్టి, పెంకు అన్న మాటలు వినగానే మన సంఘాల్లో చాలామందికి మనసు చివుక్కుమంటుంది. అందులో న్యాయముంది. మన తాతముత్తాతలు ఊరి చివర మట్టి గుడిసెల్లో, వానకు కారే కప్పుల కింద బతికారు. శ్లాబు ఇల్లు వారికి కేవలం ఇల్లు కాదు, తలెత్తుకుని నిలబడ్డ రోజు. అలాంటివారి పిల్లలకు 'పర్యావరణం కోసం మీరు మట్టిలో చదువుకోండి' అని అద్దాల మేడల్లోంచి చెబితే వినరు, వినాల్సిన పని కూడా లేదు.

అందుకే మేమనేది ఇది. ఈ పద్ధతులు పేదలకు చవకబారు సరుకుగా రాకూడదు. కలెక్టరేటు, ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు, మన డయాసిస్ కార్యాలయాలు ముందుగా ఇలా కట్టుకోవాలి. పల్లె బడికి ఇది మంచిదని తర్వాత చెప్పాలి. శ్లాబే కావాలన్న ఊరికి శ్లాబే వేయాలి. దానిపైన తెల్లపూతో, పగిలిన తెల్లటైల్స్ ముక్కలతో గచ్చో వేస్తే సగం సమస్య తీరుతుంది. గౌరవానికీ చల్లదనానికీ మధ్య ఒకటి ఎంచుకొమ్మని పేదవాడిని ఎవరూ అడగకూడదు.

సోలార్: ముందు అవసరం తగ్గించి, ఆపైన ప్యానల్

ఇక సౌరవిద్యుత్తు. చాలాచోట్ల దాతలు ముందుగా అడిగేది ఇదే, ఎందుకంటే ప్యానల్ కంటికి కనిపిస్తుంది, దాని మీద పేరు రాయవచ్చు. కానీ వరస తప్పితే డబ్బు దండగ.

ఒక చిన్న లెక్క చూడండి. అయిదారు గదుల బడిలో ఇరవై ఫ్యాన్లు ఉన్నాయనుకుందాం. పాత రకం ఫ్యాను 75 వాట్లు తింటుంది. ఆరు గంటలు తిరిగితే ఇరవై ఫ్యాన్లకు 9 యూనిట్లు. ఇప్పుడు దొరుకుతున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. అప్పుడు 3.6 యూనిట్లే. ఎల్‌ఈడీ లైట్లు, నీళ్ల మోటారు కలిపి మరో రెండు యూనిట్లు వేసుకోండి. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ సోలార్ రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. పాత ఫ్యాన్లతో అయితే దాదాపు మూడు కిలోవాట్లు కావాలి, కొత్త ఫ్యాన్లతో ఒకటిన్నర చాలు. కిలోవాట్‌కు యాభై, అరవై వేల రూపాయలు అవుతున్న రోజుల్లో ఇది చిన్న తేడా కాదు. గది చల్లగా ఉంటే ఫ్యాను కూడా తక్కువసేపే తిరుగుతుంది.

రెండో సంగతి చాలామందికి తెలియదు. కరెంటు లైనుకు కలిపే మామూలు సోలార్ వ్యవస్థ, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా పెట్టిన జాగ్రత్త అది. కాబట్టి 'సోలార్ పెట్టాం, ఇక కరెంటు పోదు' అనుకున్న బడికి ఎండాకాలంలో తొలి కోతలోనే నిరాశ ఎదురవుతుంది. కోతల్లోనూ ఫ్యాన్లు తిరగాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ కావాలి. దానికి ఖర్చు ఎక్కువ. అందుకే బడి మొత్తానికి కాకుండా రెండు గదులకు, నీళ్ల మోటారుకు, కంప్యూటర్లకు మాత్రం బ్యాటరీ పెట్టుకోవడం తెలివైన పని. మరోవైపు, ఆదివారాలు, సెలవుల్లో బడికి అక్కరలేని కరెంటు లైనులోకి వెళితే దాని లెక్క బిల్లులో జమ అవుతుంది.

మూడోది, ప్రభుత్వ బడికి కరెంటే ఉచితం కదా, సోలార్ ఎందుకు అనే ప్రశ్న. బడికి ఉచితమైనా ప్రభుత్వానికి ఉచితం కాదు. ఆ బిల్లు డిస్కంలకు ఎవరో ఒకరు కట్టాలి, అది ఆలస్యమైతే భారం తిరిగి జనం మీదికే వస్తుంది. బడి కప్పు మీదే కరెంటు పుడితే ఆ భారం తగ్గుతుంది. పైగా బిల్లు లేదనే ధీమాతో ఎవరూ లేని గదిలో ఫ్యాన్లు తిప్పే అలవాటు రాకుండా చూసుకోవాలి.

మిషన్ బడులకు, సంఘాలు నడిపే హాస్టళ్లకు ఈ ఉచిత విద్యుత్తు వర్తించదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 78 వేల రూపాయల దాకా వచ్చే సబ్సిడీ ఇళ్లకే గానీ బడులకు కాదు. సబ్సిడీ ఇప్పిస్తామని చెప్పి సంఘాల దగ్గర అడ్వాన్సు అడిగేవారితో జాగ్రత్త. ఒక సంస్థ తన ఖర్చుతోనే ప్యానళ్లు పెట్టి యూనిట్‌కు ఇంత అని తీసుకునే పద్ధతి కూడా ఉంది. అయితే ఆ ఒప్పందం ఇరవై, ఇరవై అయిదేళ్లు ఉంటుంది. సంతకం పెట్టేముందు లాయరుకు చూపించాలి.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది: ఎవరు చూసుకుంటారు? ప్యానల్ పాతికేళ్లు పనిచేస్తుంది. ఇన్వర్టరు ఎనిమిది పదేళ్లు. మామూలు బ్యాటరీ మూడు నుంచి అయిదేళ్లు. ప్యానల్ మీద దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుంది, పదిహేను రోజులకోసారి కడగాలి. మన పల్లెల్లో కోతుల బెడద సంగతి చెప్పనక్కరలేదు, వైర్లు పీకేస్తాయి. ప్రారంభోత్సవం నాడు రిబ్బను కత్తిరించిన పెద్దలు, మూడేళ్ల తర్వాత బ్యాటరీ పోయిన రోజు కనబడరు. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ వారు అంతగా చదువుకోని పల్లె మహిళలకే సోలార్ బాగుచేయడం నేర్పి దీనికి జవాబు చూపించారు. మన దగ్గర అమ్మ ఆదర్శ కమిటీల్లోని మహిళలకు ఆ శిక్షణ, దానికి కొంచెం జీతం ఇస్తే ఆ పని ఇక్కడా జరుగుతుంది.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి

మేము కోరేవి పెద్దవేమీ కావు. యంగ్ ఇండియా గురుకులాల్లో మొదటి ప్రాంగణం పూర్తయ్యాక, వేసవిలో తరగతి గదుల్లో, పడక గదుల్లో ఉష్ణోగ్రత కొలిచి జనానికి చెప్పాలి. అది చూసి మిగతా ప్రాంగణాల నమూనా సరిదిద్దాలి. బడి పనుల ఎస్టిమేటులో తెల్లపూతను, కిటికీలపై నీడను, పొదుపు ఫ్యాన్లను తప్పనిసరి అంశాలుగా చేర్చాలి. ఇంజనీరు ఎస్టిమేటులో లేని పనిని ఏ కాంట్రాక్టరూ చేయడు, చేసినా బిల్లు రాదు. హాస్టళ్లకు సోలార్ వాటర్ హీటర్లు పెట్టాలి, డిసెంబరు చలిలో పిల్లలు చన్నీళ్లు పోసుకోనక్కరలేకుండా. సోలార్ పెట్టిన ప్రతి బడికీ నిర్వహణ సొమ్మును విడిగా, ఏటా ఇవ్వాలి. ఆస్‌బెస్టాస్ రేకులున్న బడుల జాబితా తయారుచేసి వాటిని జాగ్రత్తగా తీయించాలి.

మన చేతిలో ఉన్నవి

అడగడంతోపాటు చేయాల్సింది కూడా ఉంది. మే నెలలో మన సంఘాల్లో వేసవి బైబిలు పాఠశాలలు జరుగుతాయి. ఎక్కువచోట్ల అవి రేకుల హాళ్లలో, పక్కనే ఉన్న మిషన్ బడి గదుల్లో జరుగుతాయి. పిల్లలు చెమటలు కక్కుతూ పాటలు పాడతారు. ఈసారి అంతకుముందే, మార్చిలో, సంఘ యువకులు ఒక శనివారం డాబా ఊడ్చి, పగుళ్లు పూడ్చి, సున్నమో తెల్లపూతో రెండు పూతలు వేస్తే ఆ తేడా పిల్లలకే తెలుస్తుంది. సున్నం ఏటా వేయాలి, కంపెనీ పూత కొన్నేళ్లు వస్తుంది. దీనికి విదేశీ నిధులు అక్కరలేదు. రెండో ఏడు పాత ఫ్యాన్లు మార్చవచ్చు. కోత పండుగ కానుకల్లో కొంత, స్త్రీల మైత్రి చందాలో కొంత అందుకు కేటాయించవచ్చు. సోలార్ మూడో మెట్టు. అది పెట్టేటప్పుడే బ్యాటరీ మార్చడానికి నెలనెలా కొంత బ్యాంకులో వేయాలని పాస్టరేటు కమిటీ తీర్మానం రాసుకోవాలి. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం ఇలాంటి కమిటీలకే అనిపిస్తుంది.

ధర్మశాస్త్రంలో పైకప్పు గురించి ఒక ఆజ్ఞ ఉందని చాలామంది గమనించరు. ద్వితీయోపదేశకాండం ఇరవై రెండో అధ్యాయంలో, కొత్త ఇల్లు కట్టుకునేవాడు ఎవరూ పడిపోకుండా మిద్దెకు పిట్టగోడ కట్టాలని ఉంది. కప్పు వల్ల మనిషికి హాని జరిగితే ఆ బాధ్యత కట్టినవాడిదే అన్నది దాని భావం. ఆ రోజుల్లో హాని అంటే మిద్దె మీదినుంచి పడిపోవడం. మన రోజుల్లో కప్పు కింద కూర్చున్న పిల్లవాడికి మధ్యాహ్నం తల తిరగడం, పాఠం పోవడం కూడా హానే.

వచ్చే మార్చిలోనూ ఒంటిపూట బడుల ఉత్తర్వు వస్తుంది. రావాలి కూడా, ఎందుకంటే ఒక్క ఏడాదిలో రాష్ట్రంలోని కప్పులన్నీ మారవు. ఆ ఉత్తర్వు చదివిన రోజు మన సంఘాలు ఒక పని చేస్తే బాగుంటుంది. పది రూపాయల పుస్తకమొకటి, గోడకు తగిలించే ఉష్ణోగ్రత మీటరొకటి కొని మన బడి గదిలో పెట్టి, రోజూ పన్నెండు గంటలకు అంకె రాయమని ఒక పదో తరగతి పిల్లకు అప్పగించాలి. పూత వేయకముందు ఎంత, వేశాక ఎంత అన్నది ఆ పుస్తకమే చెబుతుంది. దాన్ని పట్టుకుని సర్పంచ్ దగ్గరికి, ఎంఈవో దగ్గరికి, అవసరమైతే ఖైరతాబాద్ ఆఫీసుల దాకా వెళ్లవచ్చు. అంకెలు పట్టుకుని వచ్చినవారిని తిప్పి పంపడం ఏ ఆఫీసుకైనా కష్టమే.